తిరుపతిలో ఇల్లు మారుతున్నాం, అటక మీది సామాన్లు ఎవరికిస్తే వాడుకుంటారు?

భవానీనగర్ అత్త

అందరికీ నమస్తే. ముప్పై నాలుగేళ్ళుగా భవానీనగర్‌లో ఉంటున్నాం, సొంతిల్లే. మా ఆయన మోకాళ్ళు ఇక మెట్లెక్కనివ్వడం లేదు. అందుకని ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు లిఫ్టున్న అపార్టుమెంటులోకి వెళ్ళిపోతున్నాం. రెండు పడగ్గదులు. వంటింట్లో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. వచ్చే నెల పదో తేదీకల్లా దిగిపోవాలి.

పోయిన ఆదివారం అటక మీదివన్నీ కిందికి దించాం. ఏడు ఎవర్‌సిల్వర్ బిందెలు, నాలుగు కుక్కర్లు, రెండు ఇడ్లీ పాత్రలు (ఒకటి ఒక్క వాయికి 36 ఇడ్లీలది), మూడు మురుకుల గొట్టాలు, రెండు గుంతపొంగనాల పెనాలు, ఐదు హాట్‌బాక్సులు. హాట్‌బాక్సుల్లో మూడింటికి అట్టపెట్టె కూడా విప్పలేదు. టేబుల్‌టాప్ గ్రైండరొకటి. అత్తగారి ఇత్తడి అండా ఒకటి, దాన్ని దించడానికి ఇద్దరు మగవాళ్ళు కావాల్సొచ్చింది. నోముల్లో, వ్రతాల్లో వాయనంగా వచ్చిన బుడ్డ డబ్బాల్ని లెక్కపెట్టడం అరవై దగ్గర ఆపేశాను.

ఇన్ని ఎందుకున్నాయో తిరుపతిలో కాపురం చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో అనంతపురం నుంచో, ఒంగోలు నుంచో కార్డు వచ్చేది. "మేము పన్నెండు మందిమి బుధవారం వస్తున్నాము, చిన్నవాడికి పుట్టువెంట్రుకలు." అంతే. చాలాసార్లు కార్డూ వాళ్ళూ ఒకే రోజు దిగేవాళ్ళు. రాత్రి ఏ పన్నెండింటికో కొండ దిగొచ్చిన వాళ్ళకి అండా నిండా వేణ్ణీళ్ళు, ఇంత పులిహోర, పెరుగన్నం. వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఎటు చూసినా గుండ్లే. అందుకే 36 ఇడ్లీల పాత్ర. ఇప్పుడు అందరూ మూడొందల టికెట్టు ఫోన్లోనే తీసుకుంటున్నారు, గదీ ఫోన్లోనే. మొన్న మా ఆయన పెద్దమ్మ మనవడు రేణిగుంట ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. "దర్శనం బాగా జరిగింది పిన్నీ, ఫ్లైటెక్కుతున్నాం" అని. సంతోషమే. కానీ ఆ రోజు నాకెందుకో ఇడ్లీ పాత్ర గుర్తొచ్చింది.

అసలు సంగతికొస్తాను. నాలుగు నెలల కిందట ఒక నాన్‌స్టిక్ పెనం, ఒక కుక్కర్ మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇచ్చాను. వారం తిరక్కుండా ఆ రెండూ సందు చివర పాత సామాన్లాయన బండిలో కనబడ్డాయి. పెనం పిడికి నేను చుట్టిన ఎర్రదారం అలాగే ఉంది. కోపం అనను గానీ, చిన్నతనంగా అనిపించింది. ఆమెను ఏమీ అడగలేదు. ఈసారి మాత్రం తూకానికి వేయకుండా, నిజంగా వాడుకునేవాళ్ళ చేతికి ఇవ్వాలని ఉంది. ఎలా వెతుక్కోవాలి?

ఇంకో ఇబ్బంది. సగం సామాన్ల మీద పేర్లున్నాయి. ఫలానా దంపతులు, గృహప్రవేశ శుభాకాంక్షలతో, తేదీ. ఆ ఇచ్చినవాళ్ళంతా ఈ ఊళ్ళోనే ఉన్నారు. అత్తగారి సామాన్ల విషయంలో మా ఆడపడుచు ఏమంటుందోనని ఇంకో టెన్షన్.


రూమ్ నంబర్ తొమ్మిది

ఆంటీ, ముందు మాకిచ్చేయండి, తర్వాత మిగతావాళ్ళ సలహాలు వినండి. నేను ఎస్వీ యూనివర్సిటీలో పీజీ. ముగ్గురం కలిసి ఒక గదిలో ఉంటున్నాం. గ్యాసు పెట్టుకోవడానికి ఓనరు ఒప్పుకోలేదు, ఇండక్షన్ స్టవ్ మీదే వంట.

అందుకే ఒక మాట. మీ సామాన్ల అడుగుకి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే ఇండక్షన్ మీద పనికొస్తుంది. అల్యూమినియంకి అస్సలు అంటుకోదు, ఎవర్‌సిల్వర్‌లో కూడా చాలావాటికి అంటుకోదు. మా దగ్గరొక గిన్నె ఉంది, తళతళా మెరుస్తూ ఉంటుంది, స్టవ్ మీద పెడితే నాలుగుసార్లు కూకూ అని అరిచి ఆగిపోతుంది. మా సీనియర్లు ఎంతో ప్రేమగా ఇచ్చిపోయారు.

ఐదు లీటర్ల కుక్కర్ మాకొద్దు. మూడు లీటర్లది, అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేదైతే కళ్ళకద్దుకుంటాం. పప్పుగుత్తి, మూడు పళ్ళేలు, ఒక టీ వడగట్టేది. ఇప్పుడు టీ గుడ్డతో వడగడుతున్నాం. ఏ గుడ్డో అడక్కండి.

ఇంకోటి, ఇక్కడ పిల్లలకి ఇవ్వాలంటే జూన్, జూలైలో ఇవ్వండి. కొత్తగా చేరినవాళ్ళు గదులు తీసుకుని గిన్నె గిన్నె కొనుక్కునేది అప్పుడే. ఏప్రిల్, మేలో ఇస్తే వెళ్ళిపోయేవాళ్ళు అవి కూడా గదిలోనే వదిలేసి పోతారు.


పెరటాసి శనివారం

మంగళవారం, శుక్రవారం మాత్రం గిన్నె ఇంట్లోంచి బయటికి పంపకండమ్మా. దీపాలు పెట్టాక అసలే వద్దు. ఉత్త గిన్నె ఇవ్వకూడదు, పిడికెడు బియ్యమో, కాస్త చక్కెరో వేసి ఇవ్వండి. నమ్మకం లేకపోయినా నష్టమేం లేదు కదా.


మంగళం పిల్ల

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అత్తా. మీరు నొచ్చుకున్నా పర్లేదు, చెప్పేస్తాను.

మా అమ్మ ఇరవై రెండేళ్ళు తిరుపతిలో ఇళ్ళలో పనిచేసింది. పొద్దున్నే మా మంగళంలో బస్సెక్కి పోయి నాలుగిళ్ళు చేసుకుని మూడింటికి వచ్చేది. మాది ఒకే గది, ఒక వసారా. ఆ గదిలో ఒక గోడ పొడుగునా మాకు 'ఇచ్చిన' సామాన్లే ఉండేవి. గిన్నెల్లేని మూతలు, మూతల్లేని గిన్నెలు, పిడి ఊడిన కుక్కర్లు, అడుగున నల్లపొర లేచిపోయిన నాన్‌స్టిక్‌లు. నేనూ మా తమ్ముడూ కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళం. ఒకరోజు మా నాన్న విసుగెత్తి, "ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా?" అన్నాడు. అమ్మ ఏం చెయ్యాల? వద్దంటే ఆ అమ్మగారికి కోపమొస్తుంది, తీసుకుంటే పెట్టుకునే చోటు లేదు. కాబట్టి తీసుకునేది, వారం ఆగి తూకానికి వేసేది. ఆ డబ్బులతో మాకు నోటుపుస్తకాలు కొన్న రోజులున్నాయి. మీ ఇంట్లో అమ్మాయి చేసింది కూడా బహుశా అదే. ఆ పెనం అట్లు అంటుకోకుండా వస్తుంటే మీరు ఇచ్చేవాళ్ళా? మీరే చెప్పండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక ఇంట్లో సంక్రాంతికి ఇచ్చే డబ్బుల బదులు హాట్‌బాక్స్ ఇచ్చారు. పెట్టె విప్పని కొత్తదే. మా ఇంట్లో అన్నం వండిన వెంటనే అయిపోతుంది, దాన్ని వేడిగా దాచేది ఎవరికి?

ఇవ్వొద్దనడం లేదు. ముందు అడగండి. అడగడమంటే వస్తువు చేతిలో పెట్టి "కావాలా?" అనడం కాదు. "ఇవన్నీ తీసేస్తున్నాం, నీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చూసుకో, లేకపోతే లేదు" అని చెప్పి మీరు పక్క గదిలోకి వెళ్ళిపోండి. మీరు ఎదురుగా నిలబడితే ఆమె అన్నీ తీసుకుంటుంది.

గ్రైండర్ మాత్రం పనికొస్తుంది అనుకుంటున్నా. మా వీధిలో ఒక అక్క ఇంట్లోనే దోసెపిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ఆమె గ్రైండర్ మోటారు కాలిపోయి నెలన్నరగా మిక్సీలో వేస్తోంది. మిక్సీ పిండి వేడెక్కిపోయి పొంగడం లేదని కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఆమెను అడిగి చెప్పమంటారా?


భవానీనగర్ అత్త

మంగళం పిల్లకి: నొచ్చుకోలేదని అంటే అబద్ధం. పొద్దున చదివి ఫోను పక్కన పడేశాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి అంట్లు తోముతుంటే, "మీ ఇంట్లో ఎన్ని గదులే?" అని అడిగాను. మా ఇంటికి వస్తూ ఆరేళ్ళయింది, ఎప్పుడూ అడగలేదు. "ఒకటేమ్మా, దాన్నే అడ్డంగా కర్టెన్ కట్టుకున్నాం" అంది. కుక్కర్ సంగతి ఎత్తలేదు నేను. ఆమే ఎత్తింది. "ఆ కుక్కర్ విజిల్ రాకుండా పక్కలనించి ఆవిరి కొడతా ఉండిందమ్మా, పిల్లలున్నారని భయమేసి తీసేసినా" అంది. ఆ కుక్కర్ అటకెక్కించిందే అందుకని నాకప్పుడు గుర్తొచ్చింది.

గ్రైండర్ గురించి ఆమెను తప్పకుండా అడగమ్మా. రాయి బాగానే తిరుగుతోంది, నిన్న మినప్పప్పు వేసి చూశాను.


విజిల్ మూడు

కుక్కర్లు, మిక్సీలు రిపేరు చేస్తాను, పాతికేళ్ళ సర్వీసు. ఎక్కడో చెప్పను, ప్రచారం అనుకుంటారు.

పాత కుక్కర్ ఎవరికైనా ఇచ్చే ముందు దయచేసి ఈ పని చేయండి. మూతలో రబ్బరు తీసి రెండు వేళ్ళతో సాగదీయండి. గట్టిపడిపోయినా, పగుళ్ళు కనబడినా మార్చాల్సిందే. చాలామంది అక్కడితో ఆపేస్తారు. సేఫ్టీ వాల్వ్ కూడా మార్చండి. లోపల ఆవిరి హద్దు దాటితే కరిగిపోయి దారి ఇచ్చేది అదే. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న కుక్కర్‌లో అది ఏ స్థితిలో ఉందో నాకే చూస్తే తెలియదు, మీకేం తెలుస్తుంది? రెండూ కలిపినా పెద్ద ఖర్చు కాదు. వెయిట్ పెట్టే గొట్టంలోకి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, అవతలి వెలుగు కనబడాలి. కనబడకపోతే పప్పు తొక్కో, ఉప్పుపొరో అడ్డం పడి ఉంటుంది, సూదితో తీసేయాలి. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి విజిల్ వచ్చేదాకా దగ్గరే ఉండండి. ఆవిరి వెయిట్ దగ్గర తప్ప ఇంకెక్కడా రాకూడదు.

ఒక కంపెనీ కుక్కర్‌కి ఇంకో కంపెనీ వెయిట్ పెట్టి ఇవ్వకండి. ఆ బరువు లెక్క వేరు. నాలుగు కుక్కర్లున్న ఇంట్లో నాలుగు వెయిట్లూ ఒకే డబ్బాలో ఉంటాయి, నాకు తెలుసు, జాగ్రత్త.

అడుగు బయటికి ఉబ్బి ఉంటే దానం చేయకండి, తూకానికే వేయండి. పిడి ఊడితే బిగించవచ్చు గానీ అడుగు ఉబ్బిందంటే దాని పని అయిపోయినట్టే. మిక్సీలు ఉంటే జార్ అడుగున బ్లేడు చేత్తో తిప్పి చూడండి (స్విచ్ తీసి, జార్ బయటపెట్టి), గరగర మంటే బుష్ పోయింది, అక్కడినుంచి నల్ల నీళ్ళు చట్నీలోకి దిగుతాయి.


చిత్తూరు తాత

నాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. ఇత్తడి అండా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. నాకు డెబ్బై ఒకటి. పాత్రల కొట్టు మా నాయన నడిపినాడు, నేను నడిపినాను, మా అబ్బాయి వద్దన్నాడు.

అమ్మా, దాని మీద మీ అత్తగారి పేరు ఉందా? ఉంటే చూడండి, మిషన్‌తో గీసినట్టు ఉండదు, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అప్పట్లో సామాను కొన్నాక కొట్లోనే చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని టకటకా కొట్టి ఇచ్చేవాళ్ళం. పెళ్ళికూతురి సామాన్లయితే నలభై గిన్నెల మీద ఒకే పేరు కొట్టాలి. సాయంత్రానికి చెవుల్లో ఆ టకటకే. చదువు రాని కుర్రాళ్ళు కూడా అక్షరాల బొమ్మ చూసి కొట్టేవాళ్ళు, అందుకే పాత సామాన్ల మీద ఒత్తులు తలకిందులుగా కనబడతాయి.

అనాథాశ్రమానికి ఇద్దామని చాలామంది అంటారు. ఇవ్వండి, కానీ ముందు ఫోన్ చేసి అడగండి. వాళ్ళకి వంట మనుషులుంటారు, తోమడానికి తేలికగా ఉండే పెద్ద అల్యూమినియం, స్టీలు డేక్సాలు కావాలంటారు. ఇత్తడి తోమేది ఎవరు? చింతపండు, ఉప్పు వేసి రుద్దితే గానీ మెరవదు. కొండ మీద అన్నదానానికి ఇద్దామంటారు ఇంకొందరు. 1985 నుంచి అక్కడ జరుగుతున్న వంటకి మన అండా పిల్లల ఆటసామాను.

మీకు ఆ ఊళ్ళోనే దారుంది. గంగమ్మ జాతరకి మీ వీధుల్లో అంబలి పోస్తారు కదా? ఏటా సామాన్లు అద్దెకు తెస్తారు, లేకపోతే ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు. మీ వీధిలో ఆ పని చూసే కుర్రాళ్ళని పిలిచి ఇవ్వండి. ఒక ఇంటి సామాను వీధి సామాను అవుతుంది. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, కొండకి నడిచిపోయే వాళ్ళకి మజ్జిగ పోసేదానికీ పనికొస్తుంది.

కానీ కళాయి, అంటే లోపల తగరం పూత, వేయించకుండా ఇవ్వొద్దు. ఇది ఖచ్చితంగా చెప్తున్నా. మీరు ఇన్నాళ్ళూ అందులో నీళ్ళు కాచుకున్నారు, సరిపోయింది. అంబలిలో మజ్జిగ పడుతుంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే చిలుము దిగి కడుపులో తిప్పుతుంది. లోపల వేలితో రాసి చూడండి. వెండి రంగు పొర ఉంటే కళాయి ఉన్నట్టు, పసుపు కనబడితే పోయినట్టు. పాత్రను బాగా కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క అద్ది, దూదితో ఒక్క తిప్పు తిప్పుతారు. ఆ ఒక్క తిప్పులో నల్లది తెల్లబడే క్షణం చూడాలి. తోలు తిత్తి పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు మునుపు వారానికొకరు వచ్చేవాళ్ళు. ఇప్పుడు పాత ఇత్తడి కొట్ల దగ్గర అడిగితే ఎవరో ఒకరు ఫోన్ నంబరు ఇస్తారు. తగరం ఖరీదు ఎక్కువ, బేరం ఎక్కువగా ఆడకండి.

ఒకవేళ అమ్మేయాలనిపిస్తే అమ్మేయండి, అదేం పాపం కాదు. ఇత్తడి కరిగి మళ్ళీ ఇత్తడే అవుతుంది.


తిరుచానూరు వాసి

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? స్వర్ణముఖి పొంగి మా వైపు ఇళ్ళలోకి వచ్చేసింది. మాది కాస్త మెరక, మోకాలు లోతు నీళ్ళతో బయటపడ్డాం. ఏటిపక్క ఉన్న మా పెద్దనాన్న వాళ్ళ ఇంట్లో అయితే బురద దిగాక వంటింట్లో మిగిలింది రోలొక్కటే.

సాయం బాగా వచ్చింది, కాదనను. మొదటి మూడు రోజులు పులిహోర పొట్లాలు, నీళ్ళ బాటిళ్ళు, బ్రెడ్డు. పాత బట్టలైతే కుప్పలు, వాటి మీద వానపడి అవి మళ్ళీ చెత్త అయ్యాయి. నాలుగో రోజు బియ్యం, కందిపప్పు, నూనె ఇచ్చారు. మా పెద్దమ్మ ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎసరు పెట్టడానికి గిన్నె లేదు. చివరికి మా అమ్మ ఒక సత్తు గిన్నె, దానికి సరిపోయే మూత, గరిటె, రెండు పళ్ళేలు, రెండు గ్లాసులు పాత చీరలో మూట కట్టి పంపింది. ఆ పూట అన్నం వండుకున్నాక పెద్దమ్మ ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదు.

అందుకని నా మాట ఏమిటంటే, విడివిడిగా ఇవ్వకండి. జత చేసి ఇవ్వండి. ఒక మనిషో, ఇద్దరో ఆ మూట విప్పితే ఆ పూటే పొయ్యి వెలగాలి. మీ ఏడు బిందెల్లో ఒక్కటి మాత్రం ఉంచుకోండి, కుళాయి రాని రోజు అపార్టుమెంటులో కూడా వస్తుంది.


భవానీనగర్ అత్త

పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

ముందు మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఏమంటుందోనని మాట వెతుక్కుంటూ, "అమ్మ సామాన్లు తీసేస్తున్నాం వదినా, నీకేం కావాలో చెప్పు" అన్నాను. అండా అడుగుతుంది, లేకపోతే కంచు గిన్నెలు అడుగుతుంది అనుకున్నా. ఆమె కాసేపు మాట్లాడలేదు. "డికాషన్ ఫిల్టర్ ఉందా? అడుగు గిన్నెకి ఒక పక్క చిన్న సొట్ట ఉంటుంది చూడు, నేనే పడేశాను చిన్నప్పుడు" అంది. ఆ ఫిల్టర్‌ని నేను తూకానికి వేసే బుట్టలో పెట్టాను. లేచి వెళ్ళి ముందు అది తీసి కడిగాను.

పేర్లున్న పళ్ళేల సంగతి. ఎక్కువ సామాన్లిచ్చిన దంపతులకే ఫోన్ చేసి నిజం చెప్పేశాను. ఆయన పకపకా నవ్వాడు. "మేము కొర్లగుంట నుంచి మారినప్పుడు మీరిచ్చినవన్నీ ఇచ్చేశాం చెల్లెమ్మా, చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. పన్నెండేళ్ళు మొహమాటపడ్డాడట పాపం.

దోసెపిండి ఆమె గ్రైండర్ కోసం ఆటో తీసుకుని తానే వచ్చింది. ఊరికే తీసుకోనంది. ఎంతో కొంత ఇస్తానని పట్టుబట్టింది. డబ్బు వద్దన్నాను, వారం వారం పిండి ఇస్తానంది, అదీ వద్దన్నాను. "అయితే నాకొద్దులేమ్మా" అని లేచింది! ఇక ఒప్పుకున్నాను, నెలకి రెండు ప్యాకెట్లు. మొదటిది నిన్న వచ్చింది. అట్టు అంచుల్లో బాగా కరకరలాడింది, కాస్త మెంతులు ఎక్కువ. చెప్పలేదు.

కుక్కర్లు నాలుగింటిలో ఒకటి అడుగు ఉబ్బి ఉంది, తీసి పక్కన పడేశాను. మిగతా మూడింటికి రబ్బర్లు, వాల్వులు మార్పించాను. విజిల్ మూడు గారూ, మీరు చెప్పినట్టే వెయిట్లన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. రిపేరు చేసే అబ్బాయే దేనిది దానికి జత కలిపాడు. మూడు లీటర్లది అయస్కాంతానికి అంటుకుంది కాబట్టి రూమ్ నంబర్ తొమ్మిది వాళ్ళకి, వడగట్టేదాంతో సహా. గుడ్డ పారేశారని ఆశిస్తున్నా. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి చెప్పి నేను పక్క గదిలోకి వెళ్ళిపోయాను. ఒక మురుకుల గొట్టం, ఒక బిందె, ఆరు బుడ్డ డబ్బాలు తీసుకుంది. అంతే. హాట్‌బాక్స్‌ని ముట్టుకోలేదు. ఈ సంక్రాంతికి ఇచ్చేది ఎప్పటిలా డబ్బు రూపంలోనే, ఇంకో ఐదొందలు కలిపి.

తిరుచానూరు వాసి చెప్పినట్టు గిన్నె, మూత, గరిటె, పళ్ళెం జతలు కలిపి పాత చీరల్లో మూటలు కట్టాను. పదకొండు అయ్యాయి. నాలుగు ఇచ్చేశాం, తక్కినవి రూమ్ నంబర్ తొమ్మిది అబ్బాయి జూన్‌లో కొత్తగా చేరేవాళ్ళ కోసం తీసి పెట్టమన్నాడు. అప్పటిదాకా మా పక్కింటావిడ వసారాలో ఉంటాయి. ఆవిడ మొహం చూస్తే మే నెల దాకా కూడా ఆగేలా లేదు.

అండాకి కళాయి వేయించాం. తాతగారూ, దూది తిప్పే క్షణం చూశాను. ఒక్క పక్కనుంచి వెన్నెల పాకినట్టు వచ్చింది. అండా మెడ దగ్గర మా అత్తగారి పేరుంది, మీరు చెప్పినట్టే చుక్కలతో, ఒక వత్తు తలకిందులుగా. ముప్పై నాలుగేళ్ళు దాని పక్కన నిలబడి నీళ్ళు తోడాను, మసి కింద ఉండి ఎప్పుడూ కనబడలేదు. వీధి కుర్రాళ్ళు వచ్చి మోసుకెళ్ళారు. జాతరకి అంబలి అందులోనే కాస్తారట. ఆదివారం పొద్దున ఇచ్చాం, పిడికెడు బియ్యం వేసి. పెరటాసి శనివారం గారు గమనించగలరు.

ఇక మిగిలింది రెండు కొత్త హాట్‌బాక్సులు, యాభై దాకా బుడ్డ డబ్బాలు, తొమ్మిది మూతలు. మూతలకి గిన్నెలు ఎంత వెతికినా దొరకలేదు. మంగళం పిల్లా, నవ్వుకో.


చిత్తూరు తాత

ఆ మూతల్లో పద్నాలుగు అంగుళాలది ఏదైనా ఉందా అమ్మా? ఇత్తడిదైనా, స్టీలుదైనా పర్లేదు. పైన గుండు కాదు, పట్టుకునే రింగు ఉండాల.